మంచి బ్యాక్టీరియా ఎవరికి మంచిది?

గొంతునొప్పికి యాంటీబయాటిక్ రాస్తే, చీటీలో దాని కిందే ప్రోబయాటిక్, అంటే మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా ఉండే మందు పేరు కూడా ఉండటం ఇప్పుడు మామూలైపోయింది. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే చిన్న ప్లాస్టిక్ గొట్టంలో వచ్చే మందు తాగిస్తున్నారు. "కడుపులో మంచి బ్యాక్టీరియా పెరుగుతుందంట" అని ఇంట్లో పెద్దవాళ్లూ అంటున్నారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఏ బ్యాక్టీరియా, ఎవరి కడుపులోకి, ఏ జబ్బుకు అన్నది చెప్పకపోతే అది సగం మాటే.

ఈ మాట ఎక్కడ పూర్తిగా నిజమైందో చూడాలంటే ఒడిశా పల్లెలకు వెళ్లాలి. డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం అక్కడ 4,556 మంది పసికందుల మీద ఒక పరిశోధన చేసింది. పుట్టిన రెండు నుంచి నాలుగు రోజుల లోపు మొదలుపెట్టి, వారం రోజుల పాటు సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాను నోటి ద్వారా ఇచ్చారు. దానికి ఆహారంగా ఒక రకం పీచు చక్కెరనూ కలిపారు. మిగతా సగం మందికి చూడటానికి అలాగే ఉండే ఉత్త పొడి ఇచ్చారు. అందరూ తల్లిపాలు తాగే పిల్లలే, రెండు కిలోలకు తగ్గని బరువుతో పుట్టినవాళ్లే. 60 రోజులు కనిపెట్టుకుని చూశారు. ఉత్త పొడి తాగిన వాళ్లలో 9 శాతం మందికి సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకే ప్రాణాంతక ఇన్ఫెక్షన్ రావడమో, చనిపోవడమో జరిగితే, బ్యాక్టీరియా ఇచ్చిన వాళ్లలో అది 5.4 శాతమే. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. తేడా అంత స్పష్టంగా కనబడటంతో అనుకున్న సంఖ్య పూర్తికాకుండానే పరిశోధన ఆపేశారు. ఫలితాలు 2017లో నేచర్ పత్రికలో వచ్చాయి. ఒక్కో బిడ్డకు అయ్యే ఖర్చు సుమారు ఒక డాలరు! పసిపిల్లల ప్రాణాలు సెప్సిస్‌కు పోతున్న దేశంలో ఇంతకంటే సంతోషం కలిగించే వార్తలు తక్కువ.

అంత బాగా ఎలా పనిచేసింది? అప్పుడే పుట్టిన బిడ్డ పేగుల్లో సూక్ష్మజీవులు ఇంకా స్థిరపడవు. దున్ని సిద్ధం చేసిన మడిలాంటి చోటు అది, ముందు పడిన విత్తనం వేళ్లూనుకుంటుంది. లాక్టోబాసిల్లస్ పేగు గోడను అంటిపెట్టుకుని, చక్కెరను పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తుంది. ఆ పులుపులో చాలా రోగక్రిములు పెరగలేవు. పేగు గోడ కణాల మధ్య బిగువు పెరిగితే, లోపలి క్రిములు రక్తంలోకి దాటే దారీ తగ్గుతుంది.

పెద్దవాళ్ల సంగతి వేరు. మన ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని ఒక అంచనా, అందులో ఎక్కువ భాగం పెద్దపేగులోనే. మాత్రలో వచ్చే కొన్ని వందల కోట్లకు అక్కడ చోటు దొరకడం కష్టం. చాలామందిలో మందు మానేసిన కొద్ది రోజులకో వారాలకో ఆ బ్యాక్టీరియా మలంతో పాటు బయటికి పోతుంది.

యాంటీబయాటిక్‌తో ప్రోబయాటిక్ రాయడానికి మాత్రం ఆధారం ఉంది. ఆరు వేల మందికి పైగా పిల్లల మీద జరిగిన 33 అధ్యయనాలను కలిపి చూస్తే, యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలు 19 శాతం నుంచి 8 శాతానికి తగ్గాయి. దీనికి మరో పక్క కూడా ఉంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 2018లో చూపించినదేమిటంటే, యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ తీసుకున్న వాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి కోలుకోవడం బాగా ఆలస్యమైంది. బయటి నుంచి వచ్చిందే చోటు ఆక్రమించుకుంది. అది చిన్న అధ్యయనం, పైగా ఒకే రకం మిశ్రమం మీద చేసింది. అయినా "వాడితే పోయేదేముంది" అనుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

వాంతులు విరేచనాలతో ఆస్పత్రికి వచ్చిన పిల్లల మీద అమెరికాలో, కెనడాలో జరిగిన రెండు పెద్ద అధ్యయనాల్లో ప్రోబయాటిక్ వల్ల లాభమేమీ కనబడలేదు. ఇవీ 2018లోనే వచ్చాయి. బిడ్డకు విరేచనాలైతే ముందు పట్టవలసింది ఓఆర్ఎస్, దాంతో పాటు జింక్. ఆ గొట్టం మందు కోసం ఓఆర్ఎస్ ఆలస్యం చేయకండి, దయచేసి.

బాగా జబ్బుపడ్డ వాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన క్లోమ (ప్యాంక్రియాస్) వాపుతో ఉన్న 298 మంది రోగులపై ఒక పరిశోధన చేశారు. 2008లో వచ్చిన ఫలితాల్లో, ప్రోబయాటిక్ ఇచ్చిన వాళ్లలో 16 శాతం మంది, ఇవ్వని వాళ్లలో 6 శాతం మంది చనిపోయారు. ఐసీయూలో ఉన్నవాళ్లకూ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకూ, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకూ డాక్టరు చెప్పకుండా ఇవి ఇవ్వకూడదు.

మరి మన పెరుగు? తోడు వేసిన పాలలో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పుష్కలంగా ఉంటుంది. కాకపోతే ఏ రకం ఎంత ఉందో ఇంటింటికీ మారుతుంది కాబట్టి దాన్ని మందులా లెక్కకట్టలేం. పాలు తాగితే కడుపు ఉబ్బరించే చాలామందికి పెరుగన్నం మాత్రం పడుతుంది. ఎందుకంటే పెరుగులోని బ్యాక్టీరియా పాలచక్కెరలో కొంత ముందే తినేస్తుంది, మిగతాది అరగడానికి కడుపులోకి వెళ్లాక కూడా సాయపడుతుంది. బ్యాక్టీరియా బతికున్న యోగర్ట్ చేసే ఈ మేలును యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఒప్పుకుంది. మజ్జిగ పులుసు మరిగిస్తే మాత్రం అందులో బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పులిసిన పిండితో చేసిన ఇడ్లీ కూడా ఆవిరి మీద ఉడికేసరికి అంతే. తేలిగ్గా అరుగుతుందని తినవచ్చు కానీ అది ప్రోబయాటిక్ కాదు.

కొనేటప్పుడు డబ్బా మీద "మంచి బ్యాక్టీరియా" అన్న అక్షరాలు చూసి ఆగిపోవద్దు. బ్యాక్టీరియా జాతి పేరు, దాని పక్కన ఆ రకాన్ని గుర్తించే అంకెలు, గడువు తేదీ నాటికి బతికుండే సంఖ్య, ఎక్కడ నిల్వ చేయాలో ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి 2011 మార్గదర్శకాల్లోనే చెప్పింది. ఆ అంకెలు చూపించి, ఇదే రకం నా జబ్బుకు పనిచేసిందని ఎక్కడైనా తేలిందా అని డాక్టరును అడగండి.