ఎలా వెళ్లారో కూడా చెప్పండి

చిన్నారులకు,

సెలవుల్లో హైదరాబాద్ అంతా తిరిగి, ఆ సంగతులు ఇంగ్లీషులో రాసి పంపారు. ఇష్టంగా చదివాను. ఒక్క విషయం మాత్రం మీతో తీరిగ్గా మాట్లాడాలనిపించింది. చార్మినార్‌కు ‘వెంట్’, లాడ్ బజార్‌లోకి ‘వెంట్’, గోల్కొండ పైకి ‘వెంట్’, మళ్లీ ఇంటికి ‘వెంట్’. వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. కానీ ఎండలో గోల్కొండ మెట్లెక్కి బాలా హిస్సార్ చేరడమూ, లాడ్ బజార్‌లో గాజుల కొట్ల ముందు ఆగుతూ సాగడమూ ఒకలాంటివి కావు కదా. రెండింటికీ ఒకటే క్రియ రాస్తే చదివేవాళ్లకు ఆ తేడా తెలిసేదెలా?

పండు అంటే ఏ పండైనా కావచ్చు, మామిడి అంటే కొంత తెలుస్తుంది, బంగినపల్లి అంటే రుచితో సహా తెలుస్తుంది. కదలికను చెప్పే క్రియల్లోనూ ఇలాంటి మెట్లున్నాయి. అన్నిటికన్నా విశాలమైనది ‘మూవ్’. మీ గదిలో ఫ్యాను కూడా ‘మూవ్’ అవుతుంది, ఉన్నచోటు మాత్రం వదలదు. ‘గో’ అంటే ఒకచోటు వదిలి ఇంకోచోటికి పోవడం. మెట్రోలో పోయారా, ఆటోలోనా, కాలినడకనా అన్నది ఆ మాట చెప్పదు. ‘వాక్’ అంటే కాళ్లతోనే.

‘వాక్’కీ ‘రన్’కీ తేడా వేగంలో ఉందనుకుంటారు చాలామంది. అసలు తేడా పాదాల్లో ఉంది. నడకలో ఏదో ఒక పాదం నేలమీద ఉంటుంది. పరుగులో రెండూ కాసేపు గాలిలో ఉంటాయి. నడక పందెంలో రెండు పాదాలూ నేల విడిచినట్టు కంటికి కనబడితే తప్పు కింద లెక్క. అందుకే కేబీఆర్ పార్కులో మెల్లగా జాగింగ్ చేసే పెద్దాయన్ని, గబగబా నడిచే అమ్మాయి దాటిపోయినా ఆయనది పరుగే, ఆమెది నడకే.

‘వాక్’ కింద ఉన్న మాటలంటే నాకు చాలా ఇష్టం. పనేమీ లేకుండా, తీరిగ్గా, గాలి పీల్చుకుంటూ నడిస్తే ‘స్ట్రోల్’. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద జనం చేసేది అదే. అలసిపోయి, కాళ్లీడ్చుకుంటూ, ఇంకా ఎంత దూరంరా బాబూ అనుకుంటూ నడిస్తే ‘ట్రడ్జ్’. పెద్ద పెద్ద అంగలేస్తూ ధీమాగా నడిస్తే ‘స్ట్రైడ్’, కుంటుతూ నడిస్తే ‘లింప్’, మునివేళ్ల మీద చప్పుడు కాకుండా నడిస్తే ‘టిప్‌టో’. ఇలా ఒక పనిని ఫలానా తీరులో చేయడాన్ని చెప్పే క్రియకు భాషాశాస్త్రంలో ‘ట్రోపోనిమ్’ అని పేరు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 1985లో మొదలైన ‘వర్డ్‌నెట్’ అనే పదకోశం క్రియలను ఈ బంధంతోనే ఒకదాని కింద ఒకటి పేర్చింది.

ఈ బంధం ఒకవైపే పనిచేస్తుంది. ఒకరు ‘లింప్’ చేశారంటే నడిచినట్టే. నడిచారంటే కుంటినట్టు కాదు. లేదు అనే మాట చేరిస్తే లెక్క తిరగబడుతుంది. ‘మూవ్’ కాలేదంటే నడక, పరుగు, కుంటడం ఏదీ లేనట్టే. ‘లింప్’ చేయలేదంటే మాత్రం చక్కగానే నడిచి ఉండొచ్చు. పరీక్షలో పాసేజ్ ఇచ్చి, ఆమె అలసిపోయిందా అని అడుగుతారు. ‘టయర్డ్’ అనే మాట ఎక్కడా కనబడక టెన్షన్ పడతారు మీరు. అక్కడ ‘ట్రడ్జ్’ ఉందంటే జవాబు అందులోనే ఉంది.

ఎక్కువ చెప్పే మాటను ఎక్కువ జాగ్రత్తగా వాడాలి. దెబ్బ తగిలిన బిడ్డను ఎత్తుకుని మామయ్య ఎమర్జెన్సీ వార్డుకు ‘స్ట్రోల్’ చేశాడని రాస్తే, ఆయనకు బిడ్డ మీద ప్రేమే లేదనుకుంటారు చదివేవాళ్లు. అక్కడ ‘రష్’ కావాలి. తెలియనప్పుడు ‘వెంట్’ రాయడమే నిజాయితీ. అమ్మ సోమవారం వరంగల్ వెళ్లింది అన్నచోట కూడా ‘వెంట్’ చాలు. ఎలా నడిచిందో అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

అన్నట్టు, ‘వెంట్’ అసలు ‘గో’ది కానే కాదు. ‘వెండ్’ అనే వేరే క్రియకు భూతకాల రూపం. తిరగడం, మళ్లడం అనే అర్థాలు దానికి ఉండేవి. కాలక్రమంలో ‘గో’ దాన్ని తన సొంతం చేసుకుంది.

మీలో చాలామంది ‘వెంట్ బై వాక్’ అని రాశారు. ఎందుకు రాస్తారో నాకు తెలుసు. తెలుగులో నడిచి వెళ్లాను, పరిగెత్తుకుంటూ మెట్లు దిగాను, పాకుతూ లోపలికి దూరాను అంటాం. ఎటు వెళ్లామో అసలు క్రియ చెబుతుంది: ఎక్కడం, దిగడం, దూరడం, దాటడం. ఎలా వెళ్లామో దానికి ముందు వస్తుంది. ఇంగ్లీషులో సాధారణంగా దీనికి ఎదురు. ఎలా అన్నది క్రియలోకి వెళుతుంది, ఎటు అన్నది ‘అప్’, ‘డౌన్’, ‘ఇన్‌టు’, ‘అక్రాస్’ లాంటి చిన్న మాటలకు మిగులుతుంది. ‘ఐ వాక్‌డ్ టు స్కూల్’, ‘ఐ ర్యాన్ డౌన్ ద స్టెయిర్స్’ అనాలి. భాషల మధ్య ఇలాంటి తేడాను లియొనార్డ్ టాల్మీ అనే భాషావేత్త 1985లో వివరంగా రాశారు. ఇందులో ఏ భాషా తక్కువది కాదు. చకచకా, గునగునా, తప్పటడుగులు వేస్తూ అని మనం చెప్పే అందాన్ని ఒక్క క్రియలో పట్టడం ఇంగ్లీషుకూ అంత తేలిక కాదు.

ఈసారి ఖైరతాబాద్ వినాయకుడి నిమజ్జనం మీద పది వాక్యాలు రాయండి. విగ్రహం ఉన్న లారీ, డప్పుల వాళ్లు, తప్పిపోతానేమోనని నాన్న చేయి పట్టుకున్న పిల్లాడు, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చే కుర్రాళ్లు ఒక్కొక్కరూ ఎలా కదులుతున్నారో ముందు బాగా చూడండి, మాట తర్వాత వెతకండి. డిక్షనరీలో అర్థం చూసి ఆగకుండా, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం కూడా చదవండి. ఏ మాట దగ్గర అనుమానం వస్తే దాని పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టి నాకు పంపండి.

ప్రేమతో,
మీ తాతయ్య