మా పిల్లాడైనా గీస్తాడన్న బొమ్మ: నైరూప్య చిత్రం విలువపై నూటయాభై ఏళ్ల వాదన

2025 సెప్టెంబరులో భారతీయ చిత్రకారుడు వాసుదేవ్ గైతోండే చిత్రం ఒకటి వేలంలో 67.08 కోట్ల రూపాయలు పలికింది. 1970లో వేసిన ఆ బొమ్మకు పేరు కూడా లేదు. అందులో మనిషి, చెట్టు, గుడి, పక్షి అంటూ గుర్తుపట్టేందుకు ఏమీ ఉండదు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు లేస్తాయి. ‘ఇందులో ఏముంది?’ అన్నది ఒకటి. ‘దీనికి ఇంత డబ్బా?’ అన్నది రెండోది. రెండూ న్యాయమైనవే. కాకపోతే రెండోదాని గొంతు పెద్దది, అది లేచాక మొదటిది ఎవరికీ వినపడదు. ఇలా గుర్తుపట్టే వస్తువేదీ లేని నైరూప్య చిత్రం గురించి జరిగిన పెద్ద గొడవలను వరసగా చూస్తే ఇదే కనిపిస్తుంది. కోర్టులోనైనా, పత్రికల్లోనైనా, చట్టసభలోనైనా వాదన డబ్బు దగ్గర మొదలై డబ్బు దగ్గరే ఆగిపోయింది. బొమ్మను చూసే పని మాత్రం మిగిలిపోయింది.

మొదటి పెద్ద గొడవ నైరూప్య చిత్రం పుట్టకముందే వచ్చింది. 1877లో లండన్‌లోని గ్రోవ్‌నర్ గ్యాలరీలో చిత్రకారుడు జేమ్స్ విస్లర్ ఒక రాత్రి దృశ్యాన్ని ప్రదర్శనకు పెట్టాడు. క్రిమోర్న్ ఉద్యానవనంలో కాల్చిన బాణసంచా దాని వస్తువు. చిమ్మచీకటి, పొగ, రాలిపడుతున్న నిప్పురవ్వలు, అంతే. ధర 200 గినీలు (గినీ అంటే పౌండు కన్నా కాస్త ఎక్కువ). ఆ కాలంలో ఇంగ్లండులో కళా విమర్శకు పెద్దదిక్కు జాన్ రస్కిన్. రంగు డబ్బాను జనం మొహాన విసిరికొట్టి రెండొందల గినీలు అడుగుతున్నాడని ఆయన విస్లర్‌ను దుయ్యబట్టాడు. విస్లర్ వెయ్యి పౌండ్లకు పరువునష్టం దావా వేశాడు.

1878 నవంబరులో విచారణ జరిగింది. జబ్బుపడిన రస్కిన్ కోర్టుకు రాలేదు. ఆయన తరఫు న్యాయవాది విస్లర్‌ను నిలదీసి, బొమ్మకు ఎంతసేపు పట్టిందని అడిగాడు. రెండు రోజులన్నాడు విస్లర్. రెండు రోజుల పనికా రెండొందల గినీలు? కాదు, ఒక జీవితకాలం పనిచేసి సంపాదించిన జ్ఞానానికి అడుగుతున్నానన్నాడు. ‘పూర్తయిన’ పని ఎలా ఉంటుందో జ్యూరీకి తెలియడానికి రస్కిన్ పక్షం వాళ్లు పాతకాలపు ఇటలీ చిత్రకారుడు టిషన్ వేశాడని అప్పట్లో నమ్మిన ఒక పాత చిత్తరువును కోర్టుకు తెచ్చి చూపించారు. తీర్పు విస్లర్‌కే అనుకూలంగా వచ్చింది. పరిహారం మాత్రం ఒక ఫార్తింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. కోర్టు ఖర్చులు నెత్తిన పడి, మరుసటి ఏడాది ఆయన దివాలా తీశాడు. ఆ బొమ్మ ఇప్పుడు అమెరికాలో డెట్రాయిట్ మ్యూజియంలో ఉంది.

రస్కిన్‌ను మూర్ఖుడని తోసిపారేయలేం. పొగమంచులో వస్తువులు కరిగిపోయినట్టు వేసిన చిత్రకారుడు టర్నర్‌ను లోకం ఎగతాళి చేసినప్పుడు, అతని పక్షాన నిలబడి పుస్తకాలే రాసిన మనిషి ఆయన. పనివాడి చెమట కనపడాలన్నది ఆయన పట్టు. అది గౌరవించాల్సిన పట్టే. కానీ చెమటను గంటల్లో కొలవడం మొదలుపెట్టాక విస్లర్ జవాబుకు చోటు లేకుండా పోయింది. ఆ చీకటి ఎంత బరువుగా ఉంది, ఆ రవ్వలు ఎక్కడ పడ్డాయి, అక్కడే ఎందుకు పడ్డాయి అన్న విషయం ఆ విచారణలో ఎవరికీ పట్టలేదు.

వస్తువును పూర్తిగా వదిలేసిన చిత్రాలు మరో ముప్పై ఏళ్లకు వచ్చాయి. స్వీడన్‌లో హిల్మా అఫ్ క్లింట్ అనే చిత్రకారిణి 1906లోనే ఆ దారి పట్టింది. తాను పోయాక ఇరవై ఏళ్ల దాకా ఈ బొమ్మలను బయట పెట్టవద్దని చెప్పి 1944లో కన్నుమూసింది. ఆమె పేరు లోకానికి తెలియడానికి 1986 దాకా పట్టింది. మ్యూనిక్‌లో రష్యన్ చిత్రకారుడు కండిన్‌స్కీ 1910 ప్రాంతంలో అటు నడిచాడు. ఈ ఇద్దరి మీదా దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ప్రభావం బలంగా ఉంది. ఆ సమాజానికి 1907లో అధ్యక్షురాలైన అనీబిసెంట్, లెడ్‌బీటర్‌తో కలిసి అంతకుముందే వేసిన ఒక పుస్తకంలో కోపం, భక్తి, భయం వంటి భావాలకు రంగుల ఆకారాలు గీయించి అచ్చువేసింది. కండిన్‌స్కీ దాని జర్మన్ ప్రతిని దగ్గర పెట్టుకున్నాడు. ఆ సమాజం కేంద్ర కార్యాలయం మద్రాసు అడయారులో ఉంది. నైరూప్య చిత్రం పడమటి నుంచి మనకు దిగుమతైన సరుకని చెప్పేవాళ్లు ఈ ముక్క కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1915లో పెట్రోగ్రాడ్‌లో రష్యన్ చిత్రకారుడు మాలెవిచ్ తెల్లని నేల మీద ఒక నల్ల చతురస్రాన్ని వేసి, రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టే గది మూలలో, పైకప్పుకు దగ్గరగా వేలాడదీశాడు. తర్వాత జరిగినవి చూడండి. స్టాలిన్ ప్రభుత్వం ఇలాంటి బొమ్మలను బూర్జువా చెత్త అంది. మాలెవిచ్‌ను 1930లో అరెస్టు చేసింది. హిట్లర్ ప్రభుత్వం 1937లో మ్యూనిక్‌లో ‘పతన కళ’ పేరుతో ప్రదర్శన పెట్టి, కండిన్‌స్కీ లాంటివాళ్ల బొమ్మలను ఛీకొట్టించడానికి జనాన్ని పిలిచింది. 1949లో అమెరికా కాంగ్రెస్‌లో మిషిగన్ సభ్యుడు జార్జ్ డాండెరో ఆధునిక చిత్రకళ అంతా కమ్యూనిస్టుల కుట్ర అని ఉపన్యాసాలిచ్చాడు. ఒకరితో ఒకరికి పొసగని మూడు పక్షాలకు ఒకే రకం బొమ్మ కంటగింపైంది. ఏమీ చెప్పని బొమ్మలో చెప్పినట్టు వినని లక్షణం ఉందని వాళ్లు పసిగట్టారని నేను అనుకుంటాను. పదేళ్లు తిరగకుండానే అదే అమెరికా, స్వేచ్ఛకు గుర్తుగా అవే బొమ్మలను ఐరోపా నగరాల్లో ఊరేగించింది. ఆ కాలపు సాంస్కృతిక ప్రచారానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా డబ్బు సమకూర్చిన సంగతి 1960ల్లో బయటపడింది. దాన్ని పట్టుకుని ఈ చిత్రకళంతా గూఢచారుల సృష్టే అనేవాళ్లూ ఉన్నారు. బొమ్మలు వేసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. అప్పటికి వాళ్లలో చాలామంది పేదరికంలో ఏళ్లు గడిపినవాళ్లే.

ఆ తరం అమెరికన్ చిత్రకారుల్లో పెద్ద పేరు జాక్సన్ పొలాక్. అతని ‘బ్లూ పోల్స్’ మీద జరిగినంత రచ్చ మరే నైరూప్య చిత్రం మీదా జరగలేదేమో. ఆ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

పొలాక్ కాన్వాసును నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ, ఇళ్లకు వేసే ఎనామిల్ రంగును పుల్లలతో, గట్టిపడిన కుంచెలతో, పిచికారీలతో చిమ్మేవాడు. 1952 నాటి ఈ చిత్రం దాదాపు 4.9 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు. అల్యూమినియం పెయింటు, గాజుపెంకులు కూడా అందులో కలిసిపోయాయి. ఆ అల్లిక మీద ఎనిమిది ముదురు నీలం కర్రలు, కొన్ని అటు, కొన్ని ఇటు ఒరిగి నిలబడి ఉంటాయి. ఒక చెక్కబద్దకు రంగు పూసి కాన్వాసుకు అద్దితే వచ్చినవి అవి. వాటిని మనసులోనే తీసేసి చూస్తే మిగిలిన రంగులన్నీ నాలుగు వైపులకూ పారిపోతాయి. వాటిని మళ్లీ నిలబెడితే అంత వెడల్పు బొమ్మా ఒక నడకలోకి వస్తుంది. చిందిన రంగుకు ఆనకట్ట ఎక్కడ వేయాలో తెలిసిన చెయ్యి అది.

1973లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి ఇంకా భవనం కూడా లేదు. తాత్కాలిక డైరెక్టర్ జేమ్స్ మాలిసన్ ఈ బొమ్మను న్యూయార్క్ సేకర్త బెన్ హెల్లర్ దగ్గర 13 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు బేరం చేశాడు. పది లక్షలు దాటితే ప్రధాని సంతకం కావాలి. లేబర్ ప్రధాని గఫ్ విట్లమ్ కొనమని, ధర కూడా బయటపెట్టమని చెప్పాడు. అప్పటిదాకా ఏ ఆధునిక అమెరికన్ చిత్రానికీ అంత ధర రాలేదు. పత్రికలు మండిపడ్డాయి. చెప్పుల్లేని తాగుబోతులు వేసిన బొమ్మ అని ఒక దినపత్రిక పతాక శీర్షిక పెట్టింది. మొదటి పూతల్లో పొలాక్ స్నేహితుల చెయ్యి కూడా ఉందని, అందరూ తాగి ఉన్నారని న్యూయార్క్‌లో అప్పుడే ఒక కథనం వచ్చింది. పొలాక్ భార్య, తానూ గొప్ప చిత్రకారిణి అయిన లీ క్రాస్నర్ దాన్ని ఖండించింది. ఆ మొదటి పూతల సంగతి ఎలా ఉన్నా, పొలాక్ పదే పదే ఆ కాన్వాసు దగ్గరికొచ్చి పొర మీద పొర వేశాడన్నది బొమ్మలోనే కనిపిస్తుంది. విట్లమ్ వెనక్కి తగ్గలేదు. ఆ ఏడాది క్రిస్మస్ కార్డు మీద అదే బొమ్మ అచ్చువేయించాడు. 1975 నవంబరులో గవర్నర్ జనరల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేయడానికి కారణాలు వేరే ఉన్నా, దుబారాకు ఉదాహరణ అడిగితే చాలామంది నోట వచ్చింది ఈ బొమ్మ పేరే.

జనం మాత్రం చూడటానికి వచ్చారు. తిట్టడానికి వచ్చినవాళ్లూ ముందు నిలబడి చూశారు. 1982లో కాన్‌బెర్రాలో గ్యాలరీ తెరుచుకున్నాక అక్కడికి వెళ్లినవాళ్లు తప్పకుండా చూసే చిత్రమైంది. తరవాత ధర పెరిగింది. 2016లో జేమ్స్ పాటర్సన్ అనే సెనేటర్ దీన్ని అమ్మి దేశం అప్పులో కొంత తీర్చమన్నాడు. అప్పటికి విలువ 35 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అంచనా. అమ్మొద్దన్న వాళ్లు విట్లమ్ దూరదృష్టికి రుజువుగా చూపింది కూడా ఆ అంకెనే. నాకు ఇక్కడే అభ్యంతరం. 1973లో ధర ఎక్కువ కాబట్టి బొమ్మ చెత్త అన్నారు. 2016లో ధర ఇంకా ఎక్కువ కాబట్టి బొమ్మ గొప్పది అన్నారు. తర్కం ఒక్కటే, తలకిందులైందంతే. రేపు సంత పడిపోతే ఆ ఎనిమిది కర్రలు ఒరిగే తీరు మారదు కదా.

మన దేశంలో గొడవ వేరే రూపంలో వచ్చింది. 1922 డిసెంబరులోనే కలకత్తాలో జర్మనీలోని కళా పాఠశాల బౌహౌస్ చిత్రకారుల ప్రదర్శన జరిగింది. కండిన్‌స్కీ, క్లే బొమ్మలు అక్కడ గోడల మీద ఉన్నాయి. అయినా స్వాతంత్ర్యం వచ్చాక రామ్ కుమార్, రజా, గైతోండే ఈ దారి పట్టినప్పుడు ఎదురైన ప్రశ్న ‘ఇది మనదేనా?’ అన్నది. పారిస్, న్యూయార్క్‌లను చూసి వాత పెట్టుకున్నారన్న నింద వాళ్లను వదల్లేదు. దానికి కొందరు మన తాంత్రిక యంత్రాలను, మండలాలను చూపించి జవాబు చెప్పారు. మన తెలుగు లోగిళ్లలో చుక్కలు పెట్టి మెలికలు తిప్పే ముగ్గును కూడా సాక్ష్యంగా పిలవొచ్చు. అందులో ఏ వస్తువూ లేదని ఎవరూ ఫిర్యాదు చేయరు, లెక్క తప్పితే మాత్రం అందరికీ తెలుస్తుంది. ఈ జవాబు నాకు సగమే నచ్చుతుంది. కంటికి ఆకారం లేని అందం అలవాటేనని అది గుర్తుచేస్తుంది. కానీ వారసత్వం ఉన్నంత మాత్రాన ఒక కాన్వాసు మంచిది కాదు. తాంత్రిక యంత్రాల్లోని ‘బిందువు’ పేరు చెప్పుకుని నడిచిన నీరసమైన బొమ్మలు మన గ్యాలరీల్లో కొల్లలు.

గైతోండే విషయంలో పూర్వీకుల సిఫారసు అవసరం లేదు. 1924లో నాగపూర్‌లో పుట్టి, బొంబాయి జేజే స్కూల్లో చదివి, 1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్లొచ్చాడు. తరవాత ఢిల్లీలో దాదాపు ఒంటరిగా బతికాడు. ఏడాదికి వేసింది చాలా కొద్ది బొమ్మలే. రోలరుతో, చాకుతో పలచని రంగును పొరలుగా పరిచేవాడు, కొంత తీసేసేవాడు, మళ్లీ పరిచేవాడు. ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించేది కాదు. ఆ చిత్రాలను ఫోన్ తెర మీద చూస్తే మరకలున్న గోడలా ఉంటాయి. ఎదురుగా నిలబడితే లోపలి పొర పై పొరను దాటి వెలుగుతుంది, కన్ను సర్దుకోవడానికి కొంతసేపు పడుతుంది. ఆ కొంతసేపు ఇవ్వనివాళ్లకు అందులో ఏమీ లేదనిపించడంలో ఆశ్చర్యం లేదు. 2001లో ఆయన పోయినప్పుడు పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 2013లో ముంబైలో 23.7 కోట్లు వచ్చాక, మరుసటి ఏడాది న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం సమగ్ర ప్రదర్శన పెట్టాక పేరు మార్మోగింది. 1970లో వేసిన బొమ్మ 1970లోనే అంత మంచిది.

తెలుగునాట ఈ కళ గురించి ఓపిగ్గా రాసినవాళ్లలో తుమ్మపూడి సంజీవ దేవ్ ముందుంటారు. మధిర ప్రాంతం నుంచి వచ్చిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ తుక్కు కార్లతో మొదలుపెట్టి, నీటి మీద ఆకులు, నీడలు కలిసిపోయే చోటుకు వెళ్లారు. వస్తువుకీ, వస్తువు లేకపోవడానికీ మధ్య ఎంత విశాలమైన జాగా ఉందో ఆ కాన్వాసుల ముందు తెలుస్తుంది. పూర్తి నైరూప్యానికి తటపటాయించేవాళ్లకు నేను ముందు వాటినే చూపిస్తాను.

బ్లూ పోల్స్‌కు, 67 కోట్ల గైతోండేకు ఒక పెద్ద తేడా ఉంది. ఆస్ట్రేలియన్లు తమ పన్నుల డబ్బు పోసి కొన్న బొమ్మను కాన్‌బెర్రా వెళ్లి టికెట్ లేకుండా చూడగలరు, చూశాకే తిట్టగలరు. వేలంలో అమ్ముడైన కాన్వాసుకు అలాంటి హామీ లేదు, అది కొన్నవారి గోడకు వెళ్తుంది. మన దగ్గరా ప్రజాధనంతో కొన్న సందర్భం ఒకటుంది. అణుశాస్త్రవేత్త హోమీ భాభా, స్వయంగా బొమ్మలు వేసే మనిషి, తాను స్థాపించిన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ గోడల కోసం 1950ల నుంచే సమకాలీన చిత్రాలు కొనిపించాడు. గైతోండే కాన్వాసులు వాటిలో ఉన్నాయి. అప్పటికి ఆయనెవరో బయట పెద్దగా తెలియదు, ధరలూ చిన్నవే. అది పరిశోధనా సంస్థ కాబట్టి ఎవరు పడితే వాళ్లు నేరుగా లోపలికి వెళ్లి చూడటం కుదరదు. ముంబై ఫోర్ట్ ప్రాంతంలోని ఛత్రపతి శివాజీ మహరాజ్ వాస్తు సంగ్రహాలయంలో జహంగీర్ నికల్సన్ సేకరణ ఉంది, ఢిల్లీలో జాతీయ ఆధునిక కళా గ్యాలరీ ఉంది. అటు వెళ్లినవాళ్లు గైతోండే బొమ్మ ప్రదర్శనలో ఉందేమో కనుక్కుని, పక్కనున్న చీటీలో పేరూ ఏడాదీ చదవకముందే ఒక పది నిమిషాలు దాని ముందు నిలబడండి. ఆ తరవాత కూడా మా పిల్లాడైనా గీస్తాడనిపిస్తే నిర్భయంగా అనండి, అప్పుడు ఆ మాటతో వాదించడానికి నేను సిద్ధం.