డీజే పాటల నెట్ రేడియో ఎందుకు లేస్తుంది, ఎందుకు పడిపోతుంది: అపోహలు – వాస్తవాలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు డీజే పాటలకు సొంత నెట్ రేడియో పెడతామనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మంచి కోరిక. బరాత్‌లో మోగే తీన్‌మార్ మిక్సులు, డప్పు దరువులు, బోనాల పాటలు, బంజారా పాటలు 24 గంటలూ ఒక్కచోట వినిపించే రేడియో మన దగ్గర ఉండాల్సిందే. కానీ ఇట్లాంటి స్టేషన్లు ఎంత తొందరగా పుడతాయో అంత తొందరగా బంద్ అవుతాయి. ఎందుకు బంద్ అయ్యాయని అడిగితే చెప్పే కారణాలు చాలావరకు తప్పు. అసలు లెక్క తెలిస్తే కొన్నైనా నిలబడతాయని ఇది రాస్తున్నాం.

అపోహ: వినేవాళ్లు లేకనే రేడియోలు మూతపడతాయి.

ఎఫ్‌ఎంకు ఇది వర్తిస్తుందేమో గానీ, నెట్ రేడియోకు తరచూ దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌కు పది మంది విన్నా పది లక్షల మంది విన్నా కరెంటు బిల్లు ఒక్కటే. నెట్‌లో అట్ల కాదు. ఒక్కో శ్రోతకు సర్వర్ విడిగా ఒక స్ట్రీమ్ పంపాలి. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) స్ట్రీమ్ గంటకు 57.6 ఎంబీ తింటుంది. ఒక్క శ్రోత నెలంతా ఆపకుండా వింటే దాదాపు 41.5 జీబీ. ఏ క్షణంలో చూసినా 500 మంది ఉండే స్టేషన్‌కు 64 ఎంబీపీఎస్ లైను, నెలకు 20 టీబీకి పైగా డేటా కావాలి. ప్రకటనలు మాత్రం ఆ వేగంతో రావు.

దానిమీద రాయల్టీ. అమెరికాలో నెట్ రేడియోలు ఒక్కో పాటకు, ఒక్కో శ్రోతకు లెక్కగట్టి కట్టాలి. 2016లో ఉచిత స్టేషన్లకు ఈ రేటు 0.0017 డాలర్. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. గంటకు 15 పాటలు, సగటున 100 మంది శ్రోతలు అనుకుంటే రోజుకు 36,000 వాయింపులు, అంటే 61 డాలర్లు. నెలకు 1,800 డాలర్లు దాటుతుంది. వంద మంది శ్రోతలంటే చిన్న స్టేషనే, దానికే ఇంత.

అక్కడి చిన్న రేడియోలకు అంతకుముందు ఆదాయంలో వాటాగా కట్టే వెసులుబాటు ఉండేది. అది 2015 చివరన ముగిసింది. వేల చిన్న స్టేషన్లకు ఆసరాగా ఉన్న లైవ్365 మరుసటి నెల, 2016 జనవరి ఆఖరున ఆగిపోయింది. తర్వాతి ఏడాది కొత్త యజమానితో మళ్లీ లేచింది గానీ, మధ్యలో పోయిన స్టేషన్లు చాలా. అంతకుముందు 2007లో రేట్లు పెంచినప్పుడు కూడా అక్కడి నెట్ రేడియోలు జూన్ 26న ఒకరోజు నిశ్శబ్దం పాటించి నిరసన తెలిపాయి. ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతానికే అంకితమై 1999లో మొదలైన డిజిటల్లీ ఇంపోర్టెడ్ ఈ తుపాన్లన్నీ దాటింది. ట్రాన్స్, హౌస్ అని రకానికో ఛానల్ పెట్టి, మంచి నాణ్యత కావాలన్నవాళ్ల దగ్గర చందా తీసుకోవడం దానికి కలిసొచ్చిందని మా అంచనా. శ్రోత పెరిగితే ఖర్చుతో పాటు రాబడి కూడా పెరిగే దారి అదొక్కటే.

మన దగ్గరి ఉదాహరణ ఉపగ్రహ రేడియో వరల్డ్‌స్పేస్. ఇంటి కిటికీలోనో డాబా మీదనో చిన్న యాంటెన్నాను ఆగ్నేయ దిక్కుకు తిప్పి పెడితే ఉపగ్రహం నుంచి పాటలు వచ్చేవి. తెలుగుకు స్పందన అనే ఛానల్ ఉండేది. మన దేశంలో లక్షకు పైగా చందాదారులుండేవాళ్లు, అయినా 2009 డిసెంబర్ 31తో ఆగిపోయింది. మాతృసంస్థ అమెరికాలో అంతకుముందు ఏడాదే దివాలా రక్షణకు వెళ్లింది. ఉపగ్రహాల ఖర్చును చందాలు మోయలేకపోయాయి. డబ్బు పెట్టి కొన్న రిసీవర్లు ఆ రోజు నుంచి ఎందుకూ పనికిరాలేదు.

అపోహ: బరాత్‌లో వాయిస్తే అడిగేవాడు లేడు, రేడియోలో వాయిస్తే మాత్రం ఎవరడుగుతారు?

బరాత్‌కు చట్టమే మినహాయింపు ఇచ్చింది. కాపీరైట్ చట్టం 52(1)(జెడ్ఏ) ప్రకారం మతపరమైన వేడుకల్లో, పెండ్లి ఊరేగింపులో, పెండ్లికి సంబంధించిన ఇతర వేడుకల్లో పాట వాయిస్తే ఉల్లంఘన కాదు. ఆ మినహాయింపు ఆ పెండ్లి వరకే. అదే మిక్సును స్ట్రీమ్ చేస్తే వర్తించదు.

ఎఫ్‌ఎం స్టేషన్లకు 31డీ అనే సెక్షన్ ఉంది. యజమాని ఒప్పుకోకున్నా ముందుగా నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రేటు కట్టి పాట వాయించుకోవచ్చు. నెట్ రేడియోకు కూడా ఇది చెల్లుతుందని చాలామంది నమ్ముతారు. 2019లో పాటల కంపెనీ టిప్స్, మ్యూజిక్ యాప్ వింక్ మధ్య కేసులో బొంబాయి హైకోర్టు ఈ సెక్షన్ రేడియో, టెలివిజన్ ప్రసారాలకే గాని ఇంటర్నెట్‌కు కాదని చెప్పింది. కాబట్టి నెట్ రేడియో వాళ్లు హక్కుదారుతో మాట్లాడుకుని ఒప్పందం చేసుకోవాల్సిందే. ఏదో ఒక యాప్‌లో నెలచందా కట్టినా, పాట కొని డౌన్‌లోడ్ చేసుకున్నా అది మీరు వినడానికే.

అపోహ: జానపదానికి కాపీరైట్ ఉండదు.

సగం నిజం కాబట్టి ఇది ఎక్కువ ముంచుతుంది. తరతరాలుగా పాడుకునే బతుకమ్మ పాట మాటకు, బాణీకి యజమాని లేకపోవచ్చు. కానీ దాన్ని స్టూడియోలో పాడించి విడుదల చేసిన రికార్డింగ్‌కు యజమాని ఉంటాడు, ఆ హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఇక ఇప్పుడొస్తున్న జానపదాల్లో చాలావరకు పేరున్న రచయితలు కొత్తగా రాసినవే. వాటి మాటపై, బాణీపై కూడా హక్కు ఉంది.

డీజే మిక్సు అయితే ఇంకా చిక్కు. మాట, బాణీ, మూల రికార్డింగ్, ఆపైన మిక్సు చేసిన డీజే పని. మన దగ్గర రికార్డింగుల హక్కులు చాలావాటికి పీపీఎల్, మాట బాణీలకు ఐపీఆర్ఎస్ అనే సంస్థలు చూస్తాయి. కానీ జిల్లాల్లోని చిన్న జానపద ఛానళ్ల పాటలు వీటిలో లేకపోవచ్చు, విడిగా అడగాలి. ఇది కష్టంగా కనిపిస్తుంది గానీ నిజానికి ఇక్కడే ఊరి రేడియోకు బలం ఉంది. పెద్ద సినిమా పాటకు మీరు కట్టలేరు. పక్క మండలంలో పాట చేసినవాళ్లు చాలాసార్లు సంతోషంగా ఒప్పుకుంటారు.

ఒక పేజీ ఒప్పంద పత్రం చాలు, అందులో ఇవి ఉండాలి: పాటల పేర్ల పట్టిక, స్ట్రీమింగ్‌కు అనుమతి, మిక్సు చేసుకోవచ్చా లేదా, ఎంతకాలం, ఏ దేశాల్లో, డబ్బు ఎంత లేదా ఉచితమా, సంతకం చేసినవాళ్లకు ఆ హక్కు నిజంగా ఉందనే వాక్యం. ఈ చివరిది మరిచిపోతే మిగతాదంతా వృథా. పాడినవాళ్లు సంతకం పెడతారు, డబ్బు పెట్టి తీసిన నిర్మాత తర్వాత వచ్చి నిలదీస్తాడు.

అపోహ: చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కొనుక్కుంటే ఈ గొడవంతా ఉండదు.

లైసెన్స్ లేకుండా ప్రసారం చేయడం నేరం. కమ్యూనిటీ రేడియో లైసెన్స్ విద్యాసంస్థలకు, లాభాపేక్ష లేని సంస్థలకే ఇస్తారు. దాని శక్తి మామూలుగా 100 వాట్లకు మించదు. డీజే ఛానల్ కోసం పెట్టింది కాదది.

అపోహ: బిట్‌రేట్ ఎంత ఎక్కువైతే పాట అంత బాగుంటుంది.

ముందు చూడాల్సింది కోడెక్, అంటే పాటను కుదించే పద్ధతి. 64 కేబీపీఎస్‌లో ఎంపీ3 పెడితే మొదట చచ్చేది డప్పే. ఎడమచేతి సిటికెన పుల్ల చేసే సన్నటి చురుకైన దెబ్బ నీళ్లలో పడ్డట్టు చెదిరిపోతుంది. హై-హ్యాట్‌కూ (డ్రమ్స్‌లో ఉండే తాళాల జత) అదే గతి. అదే 64లో హెచ్ఈ-ఏఏసీ అనే కోడెక్ పెడితే ఫోన్లో వినేవాళ్లకు చాలు, డేటా కూడా గంటకు 29 ఎంబీలోపే. మా సలహా రెండు స్ట్రీములు: ఫోన్లకు 64 హెచ్ఈ-ఏఏసీ, ఇంట్లో పెద్ద స్పీకర్లున్నవాళ్లకు 128 ఎంపీ3. అంతకు మించి పెట్టడం డబ్బు పారబోయడం.

ఎక్కువమంది అసలు తప్పు అంతకంటే ముందే చేస్తారు. వాట్సాప్‌లో వచ్చిన ఎంపీ3ని, లేదా వీడియో నుంచి తీసిన ఆడియోను మిక్సు చేసి, మళ్లీ ఎంపీ3 చేసి, మళ్లీ స్ట్రీమ్‌లో కుదిస్తారు. ప్రతిసారీ కొంత పోతుంది. తర్వాత 320లో పెట్టినా పోయింది తిరిగిరాదు. డీజేల దగ్గర నాణ్యత పోని వేవ్ లేదా ఫ్లాక్ ఫైలు అడిగి తీసుకోండి.

శబ్దం ఎత్తు కూడా సమం చేయాలి. డీజే మిక్సులు మైనస్ 7 లఫ్స్ (శబ్దం ఎత్తును కొలిచే లెక్క) దగ్గర దంచేస్తుంటాయి, పాత జానపద రికార్డులు మైనస్ 18 దగ్గర నెమ్మదిగా ఉంటాయి. అన్నిటినీ మైనస్ 16కు తెచ్చి, పీక్‌ను (శబ్దం అన్నిటికంటే పైకి లేచే చోటు) మైనస్ 1.5 డెసిబెల్స్ దగ్గర ఆపండి. కుదించినప్పుడు పీకులు కాస్త పైకి లేస్తాయి కాబట్టి సున్నా దాకా నింపితే గరగర వస్తుంది.

బేస్ పెంచితే ఊపొస్తుందనేది దీనికి తోడుబుట్టిన అపోహ. ఫోన్ స్పీకర్ 150 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. 60 హెర్ట్జ్ పెంచితే శ్రోతకు ఆ బేస్ వినపడదు, కానీ శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ దానికి లొంగి ప్రతి దెబ్బకూ గొంతును కిందికి నొక్కుతుంది.

అపోహ: ఆటో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదటితో దానంతటదే కలపడం) ఉంటే మనిషి అక్కర్లేదు.

హౌస్, టెక్నోకు సరిపోతుంది. తీన్‌మార్‌కు సరిపోదు. బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు) పట్టే సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా నాలుగు దెబ్బల లెక్కతో చూస్తాయి. మూడేసి దెబ్బల నడక మీద సాగే దరువు వాటికి అర్థం కాక, 100 ఉన్నదాన్ని 150గా చూపిస్తాయి. రెండు పాటల వేగం కలిపే సింక్ నొక్కితే అవి కొట్టుకుంటాయి. తీన్‌మార్ పాటలకు బీపీఎం చేత్తో సరిచేసి, విడి ఫోల్డర్‌లో పెట్టి, వాటికి సింక్ ఆపేయండి. ఆ నడక నుంచి నాలుగు దెబ్బల పాటకు మారేటప్పుడు కలపకుండా, పల్లవి ముగిసే దగ్గర కోసి, జాకీ మాటో స్టేషన్ పేరో మూడు సెకన్లు పెడితే హాయిగా మారుతుంది.

అపోహ: ఇంటి నెట్ చిన్నది, వందమంది వింటే ఆగిపోతుంది.

మీ ఇంటి నుంచి సర్వర్‌కు వెళ్లేది ఒక్క స్ట్రీమ్. 128 కేబీపీఎస్‌కు 256 నికరమైన అప్‌లోడ్ ఉంటే చాలు. శ్రోతలందరికీ పంచేది బయట అద్దెకు తీసుకున్న సర్వర్. సర్వర్‌కు 100 ఎంబీపీఎస్ పోర్టు ఉంటే కాగితం మీద 780 మంది పడతారు, 550 దాటకుండా చూసుకోండి.

వంద దాటగానే కొత్తవాళ్లకు రాకపోతే సర్వర్ కూలిందని కంగారు పడతారు. స్ట్రీమును శ్రోతలకు పంచే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఐస్‌కాస్ట్‌లో శ్రోతల హద్దు మొదటే 100గా రాసి ఉంటుంది. సద్దుల బతుకమ్మ సాయంత్రానికో మేడారం జాతరకో ముందే దాన్ని పెంచుకోండి.

నిజంగా ఆపేవి కరెంటు, నిశ్శబ్దం. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మారే ఆ చిన్న విరామంలో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి. ఫైబర్ డబ్బాకు, రౌటర్‌కు చిన్న 12 వోల్టుల యూపీఎస్ వేయండి. సర్వర్‌లో ఫాల్‌బ్యాక్ మౌంట్ (లైవ్ తెగితే శ్రోతలను మళ్లించే చోటు) పెట్టి, ఒక గంట పాటల ఫైలు ఉంచండి. ఆ ఫైలు కోడెక్, బిట్‌రేట్, శాంపిల్ రేటు, మోనో-స్టీరియో అన్నీ లైవ్‌తో సరిపోవాలి, లేకుంటే మారిన క్షణమే ప్లేయర్లు ఆగిపోతాయి. సెట్టింగుల్లో ఫాల్‌బ్యాక్-ఓవర్‌రైడ్ 1 చేయకపోతే లైవ్ తిరిగొచ్చినా శ్రోతలు ఆ ఫైలు దగ్గరే ఉండిపోతారు.

నిశ్శబ్దం ఇంకా ప్రమాదం. పాటల సాఫ్ట్‌వేర్ ఆగిపోయి, స్ట్రీమును సర్వర్‌కు పంపే ఎన్‌కోడర్ నడుస్తుంటే సర్వర్‌కు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, ఫాల్‌బ్యాక్ రాదు. రేడియో ప్రసారాన్ని నడిపే లిక్విడ్‌సోప్ సాఫ్ట్‌వేర్‌లో 15 సెకన్ల నిశ్శబ్దానికి మరో ప్లేలిస్టుకు మారే ఏర్పాటు చేసుకోవాలి. 8000 పోర్టు మీద మామూలు హెచ్‌టీటీపీలో పెట్టిన స్ట్రీమును హెచ్‌టీటీపీఎస్ పేజీలో క్రోమ్ వాయించదు, కొన్ని హాస్టల్ వైఫైలు ఆ పోర్టునే మూసేస్తాయి. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ద్వారా హెచ్‌టీటీపీఎస్ పోర్టు 443కు తెచ్చి, ప్రాక్సీ బఫరింగ్ ఆపండి.

అపోహ: రోజుకు పదివేల కనెక్షన్లు అంటే పదివేల మంది శ్రోతలు.

కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా రైల్లో వింటూ పోయే ఒక్క మనిషి, సిగ్నల్ తెగిన ప్రతిసారీ కొత్త కనెక్షన్ అవుతాడు. ఐపీ అడ్రసులు లెక్కపెట్టినా తప్పే, మొబైల్ నెట్‌లో ఒకే ఐపీ వెనక చాలామంది ఉంటారు. ఐస్‌కాస్ట్ యాక్సెస్ లాగ్‌లో ప్రతి వరస చివర ఎన్ని సెకన్లు విన్నారో ఉంటుంది. అవన్నీ కూడి 3,600తో భాగిస్తే విన్న గంటలు, వాటిని 24తో భాగిస్తే సగటు శ్రోతలు. పదివేల కనెక్షన్లు తలా 90 సెకన్లు అయితే 250 గంటలు, అంటే సగటున పదిమంది. ప్రకటన ఇచ్చే దుకాణదారుకు ఈ లెక్కే చెప్పండి. పెద్ద అంకె చెప్పి తీసుకున్న డబ్బు ఒక్కసారే వస్తుంది.

అపోహ: డేటా చౌక కాబట్టి నెట్ రేడియోకు మంచి రోజులే.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చౌకైంది, నిజమే. కానీ అదే డేటాతో కావాల్సిన పాటను కావాల్సినప్పుడు చూసే వీలూ వచ్చింది. మిక్సు చేసిన డీజే కూడా తన పాటను ముందు సొంత ఛానల్‌లోనే పెట్టుకుంటున్నాడు. పాటల వరస మాత్రమే ఇచ్చే రేడియోకు ఇక చోటు లేదు. స్క్రీన్ ఆపినా ఆగకుండా, తక్కువ డేటాతో, మన యాసలో మాట్లాడే మనిషితో, వారానికో కొత్త డీజే లైవ్ మిక్సుతో వచ్చేదానికి ఉంది. 24 గంటలు నింపాలని ఉరకకండి, రోజుకు రెండు గంటలు లైవ్ బాగా చేసి మిగతాది మళ్లీ వేసుకోవచ్చు.

అపోహ: నడవకపోతే సర్వర్ బంద్ చేస్తే అయిపోతుంది.

కాదు. ముందు లైవ్ మిక్సుల రికార్డింగులను రెండు హార్డ్‌డిస్కుల్లోకి దించి, ఎవరి మిక్సు వాళ్లకు ఇచ్చేయండి. జిల్లాల డీజేల పని ఇట్లా సర్వర్లతో పాటు పోవడం మాకు అన్నిటికంటే బాధ కలిగించేది. పాటలిచ్చినవాళ్లకు ఒప్పందం ముగిసిందని రాతపూర్వకంగా చెప్పాలి, లైసెన్సులు కూడా రాతలోనే రద్దు చేయించాలి, లేకుంటే బిల్లులు వస్తూనే ఉంటాయి. సర్వర్, డొమైన్ ఆటో-డెబిట్లు చూసుకోండి. రేడియోల జాబితా యాప్‌లలో మీ పేరు తీయించండి. డొమైన్‌ను మాత్రం వెంటనే వదలొద్దు, కనీసం ఏడాది ఉంచుకోండి. వదిలిన పేరును వేరెవరో కొని మీ శ్రోతలకు జూదం ప్రకటనలు చూపిస్తారు.