సీబీపీ రిపోర్టులో ఒక చిన్న భాగహారం

మలక్‌పేట నుంచి ఒక పాఠకుడు కూతురి సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టు పంపారు. "రక్తం తక్కువని ఐరన్ మాత్రలు మింగుతూనే ఉంది. హిమోగ్లోబిన్ 10.8 దాటదు. పెళ్లి కుదిరింది. ఇంకేమైనా పరీక్ష చేయించాలా?"

చేయించాలి. ఏ పరీక్షో ఆ కాగితంలోనే ఉంది. హిమోగ్లోబిన్ చూసి కాగితం మడిచేస్తాం కానీ, కింద ఇంకో రెండు అంకెలున్నాయి. ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు పరిమాణం, 64. కనీసం 80 ఉండాలి. ఎర్రకణాల సంఖ్య 5.4, అంటే మైక్రోలీటరుకు 54 లక్షలు. 64ను 5.4తో భాగించండి: దాదాపు 12. 1973లో మెంట్జర్ అనే వైద్యుడు చెప్పిన లెక్క ఇది. 13 లోపు వస్తే బీటా థలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు) క్యారియరేమోనని, అంటే జబ్బు లేకుండా దాని జన్యువును మోస్తున్నారేమోనని అనుమానించాలి, పైన వస్తే ఐరన్ లోపం చూడాలి.

ఐరన్ లోపమంటే పిండి తక్కువైన వంటిల్లు: పూరీలు చిన్నవే, సంఖ్యా తక్కువే. థలసీమియా క్యారియర్ ఇంట్లో పిండికి కొదవ లేదు, ఒత్తే చేతికే పెద్ద పూరీ రాదు. ఇంటిల్లిపాదికీ సరిపోవాలి కనుక చిన్నవే ఎక్కువ ఒత్తుతుంది. రెండు బీటా గ్లోబిన్ జన్యువుల్లో ఒకటి సరిగా పనిచేయక ఒక్కో కణంలో హిమోగ్లోబిన్ తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి ఎముక మజ్జ కణాల సంఖ్య పెంచుతుంది. ఈ చేతికి ఇంకా పిండి పోస్తే ఏం లాభం? ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ తగ్గితే తప్ప ఐరన్ మాత్రలతో పని లేదు.

ఇది అనుమానమే, తీర్పు కాదు. సికిల్ సెల్ అనే మరో వంశపారంపర్య రక్తపు జబ్బు క్యారియర్లలో ఎంసీవీ మామూలుగానే ఉండొచ్చు, ఈ లెక్కకు దొరకరు. తేల్చేది హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి కొలిచే పరీక్ష, హెచ్‌పీఎల్‌సీ. అందులో హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే సాధారణంగా క్యారియరే. ఐరన్ లోపం కూడా తోడైతే ఏ2 తగ్గి మోసం చేయొచ్చు.

ముప్పై ఆరు గుణాల్లో ఎన్ని కలిశాయో చూసే పంతులుగారు ఈ ఒక్క గుణం మాత్రం అడగరు! ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులో బిడ్డకు థలసీమియా మేజర్ (రెండు జన్యువులూ చెడిన తీవ్ర రూపం) వచ్చే అవకాశం 25 శాతం. అలాంటి బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ప్రతి సంచినీ హెపటైటిస్ బి, సి వైరస్‌లకు పరీక్షిస్తారు. అయినా దాతకు కొత్తగా సోకిన తొలి రోజుల్లో వైరస్ పరీక్షకు అందకపోవచ్చు. వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే నాట్ పరీక్ష ఆ వ్యవధిని కుదిస్తుంది, పూర్తిగా చెరిపేయదు. బి కి టీకా ఉంది. మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని చవగ్గా తెచ్చింది. సి కి మందులున్నాయి గానీ టీకా లేదు.

కాబట్టి ముందు అమ్మాయికి హెచ్‌పీఎల్‌సీ, ఫెరిటిన్ చేయించండి. క్యారియరని తేలితే అబ్బాయికీ హెచ్‌పీఎల్‌సీ తప్పదు. అతనిది మామూలుగా ఉంటే బిడ్డకు మేజర్ భయం లేదు, పెళ్లి పనులు చూసుకోవచ్చు.