సీలు విప్పని పెట్టెలు: టీవీ షోల బోర్డు గేములపై అపోహలు – వాస్తవాలు

విజయవాడ గవర్నర్‌పేటలో నాది బోర్డు గేముల షాపు. అమ్ముతాం, వారానికి అద్దెకిస్తాం, శని ఆదివారాల్లో పక్క గదిలో బల్లలు వేసి ఆడిస్తాం. ఇంట్లో వాడని గేము తెచ్చిచ్చి ఇంకొకటి పట్టుకెళ్లే వీలు కూడా ఉంది. అలా వెనక్కొచ్చేవాటిలో పైన ప్లాస్టిక్ కవరు కూడా చింపనివి, చింపినా లోపల అట్టల్లోంచి బిళ్లలు ఊడదీయనివి ఎక్కువగా ఏదో ఒక టీవీ షో పేరు మీద వచ్చినవే. ఎందుకు ఆడలేదని అడిగితే అందరూ ఇంచుమించు అవే కారణాలు చెబుతారు. వాటిలో చాలావరకు అసలు కారణాలు కావు. ఇష్టపడి డబ్బు పెట్టి కొన్న వస్తువు అటకెక్కడం చూస్తే నాకు బాధగా ఉంటుంది, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "ఈ రోజుల్లో ఎవరు కూర్చుని ఆడతారండీ, అందరి చేతుల్లో ఫోన్లే కదా."

వాస్తవం: ఇలా అన్నవాళ్ల ఇంట్లోనే సంక్రాంతికి అన్నదమ్ములంతా చేరితే రమ్మీ అర్ధరాత్రి దాటినా ఆగదు. వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్లలు క్యారమ్స్ బోర్డు వదలరు. అష్టాచెమ్మాకైతే గచ్చు మీద సుద్దముక్కతో అయిదు గళ్లు అడ్డం, అయిదు గళ్లు నిలువు గీసుకుంటే చాలు. గవ్వలు లేకపోతే చింతపిక్కలు అరగదీసుకుంటారు. ఓపికా ఉంది, మనుషులూ ఉన్నారు.

తేడా ఏమిటంటే ఈ ఆటల రూల్స్ అందరికీ ముందే తెలుసు. రమ్మీ కోసం ఎవరూ పుస్తకం తెరవరు. కొత్త పెట్టె విప్పితే ముందు చిన్న అక్షరాల ఇంగ్లీషు పుస్తకం బయటికొస్తుంది. దాన్ని ఇంట్లో ఎవరో ఒకరు ముందురోజే చదివి, మిగతావాళ్లకు పది నిమిషాల్లో నేర్పగలగాలి. ఆ ఒక్క మనిషి లేని ఇంట్లో ఏ పెట్టె అయినా అలాగే ఉండిపోతుంది. చదువుకుంటూ ఆడదాంలే అనుకుంటే మూడో పేజీ తిప్పేలోగా పిల్లలు లేచి వెళ్లిపోతారు.

అపోహ: "క్విజ్ షో గేము కొంటే నష్టం లేదు. టీవీలో చూసిందే కదా, అందరికీ వచ్చు."

వాస్తవం: నా అనుభవంలో ఒకసారి ఆడి మళ్లీ ముట్టుకోనివి ఎక్కువగా ఇవే. కారణం తెలియాలంటే షో ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూడాలి.

బ్రిటన్‌లో 1998లో మొదలైన కోటీశ్వరుల క్విజ్, 2000లో హిందీలో 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా, 2014లో తెలుగులో నాగార్జునగారి 'మీలో ఎవరు కోటీశ్వరుడు'గా మన ఇళ్లలోకి వచ్చింది. హాట్ సీట్‌లో ఒక మనిషి, ఎదురుగా హోస్టు, చుట్టూ ప్రేక్షకులు. మనం ఇంట్లో సోఫాలో కూర్చుని "బి, బి, బి నొక్కవయ్యా" అని అరుస్తాం. అంటే టీవీ ముందున్న పదిమందీ ఒకేసారి ఆడుతున్నారు.

అదే షోను పెట్టెలో పెట్టి నలుగురి ముందు పెట్టండి. ఒకరు హోస్టు, ప్రశ్నలు చదవాలి. జవాబు కార్డు వెనకే ఉంటుంది కాబట్టి ఆయన ఆడటానికి లేదు. ఒకరు హాట్ సీట్‌లో ఉంటారు. మిగిలిన ఇద్దరూ తమ వంతు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి, చెబితే తప్పు. ఆడియన్స్ పోల్ తీసుకుంటే ఆ ఇద్దరే ఆడియన్స్, చెరొక జవాబు చెబితే సగం సగం. ఫోన్ చేసే లైఫ్‌లైన్ వాడదామంటే బాబాయ్ నిజంగానే ఫోన్ ఎత్తి గూగుల్‌లో వెతికి చెబుతాడు. ఫిఫ్టీ ఫిఫ్టీ ఒక్కటే సవ్యంగా పనిచేస్తుంది. టీవీలో జవాబు లాక్ చేసేటప్పుడు ఉండే టెన్షన్ అంతా నిజమైన డబ్బు వల్ల వచ్చింది. ఆరు లక్షల నలభై వేలు పట్టుకుని లేచిపోవాలా, ఆడాలా అని ఆ మనిషి చెమటలు పట్టి ఆలోచిస్తాడు. కాగితం నోట్లతో ఆడేటప్పుడు ఎవరు లేచిపోతారు? అందరూ చివరిదాకా గుడ్డిగా ఆడేస్తారు. దాంతో ఆటలో ఉన్న ఒకే ఒక్క నిర్ణయం కూడా పోతుంది.

ఇక ప్రశ్నలు. 1981లో మార్కెట్లోకి వచ్చిన 'ట్రివియల్ పర్స్యూట్' అనే క్విజ్ బోర్డు గేములో వెయ్యి కార్డులు, కార్డుకు ఆరు చొప్పున ఆరు వేల ప్రశ్నలు ఉన్నాయి. అంత సరుకున్న ఆటకు కూడా జవాబులు పాతబడిపోయే సమస్య తప్పలేదు. షో పేరు మీద వచ్చే పెట్టెల్లో అందులో కొద్ది భాగమే ఉంటుంది. పిల్లల జ్ఞాపకశక్తి గట్టిది, రెండోసారి అదే కార్డు వస్తే ఆప్షన్లు చదవకముందే జవాబు చెప్పేస్తారు. మన రాష్ట్రంలో జిల్లాలెన్ని అన్న ప్రశ్నే తీసుకోండి. విభజనకు ముందు జవాబు 23, 2014లో 13, 2022లో 26. అచ్చయిన కార్డు మారదు కదా.

అపోహ: "మావాడికి ఆ సిరీస్ అంటే ప్రాణం. గేము కొనిస్తే రోజూ ఆడతాడు."

వాస్తవం: నా కౌంటర్ దగ్గర ఎక్కువగా వినిపించే మాట ఇదే. ఎక్కువ పెట్టెలు మూలన పడటానికి కారణం కూడా ఇదే. సిరీస్‌ను ఒక్కడే చూస్తాడు, రాత్రి పన్నెండింటికి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. బోర్డు గేముకు నలుగురు కావాలి. ఆ నలుగురూ ఒకే ఊళ్లో, ఒకే సాయంత్రం, ఖాళీగా ఉండాలి. వాళ్లకూ ఆ సిరీస్ మీద ఎంతో కొంత ఆసక్తి ఉండాలి. అభిమాని చెల్లెలికి ఆ పాత్రల పేర్లు కూడా తెలియవు. నాన్నకు ఆ సిరీసే చిరాకు. పెట్టె విప్పి కార్డు చదివితే, చూసినవాడొక్కడికే నవ్వొస్తుంది, మిగతా ముగ్గురూ అర్థంకాక చూస్తుంటారు. వాడు ప్రతి కార్డుకీ కథ చెప్పాల్సొస్తుంది. రెండోసారి వాడే అడగడు, అడిగినా ఎవరూ రారు.

పుట్టినరోజు కానుకల విషయంలో ఇది మరీ ఎక్కువ. కొనేవాళ్లు కుర్రాడికి ఏం ఇష్టమో ఆలోచిస్తారు, ఎవరితో కూర్చుని ఆడతాడో ఆలోచించరు. కానుక ఇచ్చిన క్షణంలో మాత్రం వాడి ముఖం నిజంగానే వెలిగిపోతుంది. అందుకే ఇచ్చినవాళ్లకు తాము సరైనదే కొన్నామనిపిస్తుంది. షాపుకొచ్చినవాళ్లను నేను ముందు "ఇంట్లో ఎంతమంది? చిన్నవాళ్ల వయసెంత? ఎంతసేపు కూర్చోగలరు?" అని అడుగుతాను. షో సంగతి ఆ తర్వాతే. కొందరికి విసుగే, అయినా అడుగుతాను.

అపోహ: "టీవీ పేరు పెట్టి అమ్మేవన్నీ డబ్బు కోసం చేసిన నాసిరకం ఆటలు. అందుకే ఎవరూ ఆడరు."

వాస్తవం: నాసిరకం ఆటలు ఉన్నాయి, కాదనను. షో పేరు, బొమ్మలు వాడుకోవడానికి హక్కుదారులకు డబ్బు కట్టాలి, ప్రతి బొమ్మకూ వాళ్ల అనుమతి తీసుకోవాలి. సీజన్ వేడి తగ్గకముందే పెట్టె మార్కెట్లోకి రావాలన్న తొందర ఒకటి. ఆ తొందరలో ముందు కోతపడేది ఆటను పదేపదే ఆడించి సరిచేసే పనే.

అయితే బాగున్న ఆటలు కూడా అటక మీదే ఉన్నాయి, అది గమనించాలి. 'బాటిల్‌స్టార్ గెలాక్టికా' సిరీస్ మీద 2008లో ఫాంటసీ ఫ్లైట్ సంస్థ తెచ్చిన గేము నా దృష్టిలో ఈ రకంలో అగ్రస్థానంలో ఉంటుంది. రూపకర్త కోరీ కోనియెచ్కా. అంతరిక్షంలో పారిపోతున్న మనుషుల ఓడ, ఆ మనుషుల్లోనే కలిసిపోయిన శత్రువులు. మొదట్లో ప్రతివాడికీ ఒక రహస్య కార్డు ఇస్తారు, నువ్వు మనిషివా, శత్రువువా అని. సగం దారిలో ఇంకో విడత కార్డులు పంచుతారు, అప్పటిదాకా నిజాయతీగా ఆడినవాడు ఆ క్షణం నుంచి ద్రోహి కావచ్చు. ఆపద వచ్చినప్పుడు అందరూ కార్డులు బోర్లా వేస్తారు, వాటిలో అదనంగా మరో రెండు కార్డులు కలిపి కలగాపులగం చేసి విప్పుతారు. చెడగొట్టే కార్డు బయటపడుతుంది. వేసింది ఎవరు? ఆ రెండింట్లోంచి వచ్చిందా? అక్కడ మొదలవుతుంది గొడవ. మా గదిలో ఆ సిరీస్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడనివాళ్లు బల్ల చుట్టూ నిలబడి ఒకరి మీద ఒకరు నేరం మోపుకున్నారు. అనుమానించడానికి కథ తెలియక్కర్లేదు.

మరి ఇంత మంచి ఆట ఎందుకు ఆడరు? రుచి రావాలంటే అయిదుగురు కావాలి, మూడు గంటలు పడుతుంది, ఇద్దరికైనా రూల్స్ బాగా వచ్చి ఉండాలి. పైగా ఇప్పుడు ఆ పెట్టె కొత్తగా అచ్చవడం లేదు. అదే సంస్థ 2021లో దాదాపు అదే ఆటను కథ మార్చి, సముద్రంలో ఓడ, అందులో రాక్షసులు అంటూ 'అన్‌ఫాథమబుల్' పేరుతో తెచ్చింది. టీవీ పేరు తీసేసినా ఆట నిలబడింది.

'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' బోర్డు గేమునూ సిరీస్ చూసి చేశారనుకుంటారు. అది 2003లోనే నవల ఆధారంగా వచ్చింది, సిరీస్ మొదలైంది 2011లో. దానికీ అయిదారుగురు, ఒక పూట మొత్తం కావాలి. సిరీస్ అభిమాని ఇంకొకరితో కలిసి ఇద్దరే ఆడదామని కొంటే పెట్టె మీదే కనీసం ముగ్గురని ఉంటుంది.

అపోహ: "కథలో జరిగిందే ఆటలోనూ జరగాలి, లేకపోతే ఆ షో గేము ఎందుకు?"

వాస్తవం: జరిగిందే జరిగితే ఆడేవాడికి చేయడానికి ఏమీ ఉండదు, పాచిక వేసి ముందుకు కదలడం తప్ప. చాలా పెట్టెలు ఇక్కడే దెబ్బతింటాయి. మన పులి-మేకలో మూడు పులులు, పదిహేను మేకలు. కథంటూ ఏమీ లేదు. అయినా మేకలు పట్టినవాడు పులిని కదలకుండా బిగించిన ప్రతిసారీ అక్కడొక కథ పుడుతుంది, అది ఆ ఇద్దరిదే. షో ఆధారంగా చేసే ఆట కథను వదిలి, ఆ షోలోని చిక్కుముడిని పట్టుకోవాలి. గెలాక్టికా గేము చేసింది అదే.

అపోహ: "బాగా తక్కువ రేటు కార్టూన్ గేములు అసలు దండగ."

వాస్తవం: ఛోటా భీమ్ బొమ్మ వేసిన లూడో, వైకుంఠపాళి లాంటివి పిల్లలున్న ఇళ్లలో అట్ట చిరిగేదాకా ఆడతారు. కింద ఉన్నది అందరికీ తెలిసిన ఆట కాబట్టి. వెనక్కి తెచ్చివ్వడానికి అందులో ఏమీ మిగలదు. అయిదేళ్ల పిల్లకు కానుకగా కొనాలంటే నేను మొహమాటం లేకుండా ఇదే చేతికిస్తాను.

అపోహ: "సీలు విప్పకుండా ఉంచితే కొన్నాళ్లకు రేటు పెరుగుతుంది."

వాస్తవం: అచ్చు ఆగిపోయి, ఆడేవాళ్లు వెతుక్కునే కొన్ని పెట్టెలకే అలా జరుగుతుంది. క్విజ్ షో పెట్టెను పాత పేపర్ల రేటుకు తప్ప ఎవరూ అడగరు. పైగా మన కృష్ణాతీరపు ఉక్కలో, వానాకాలపు చెమ్మలో అటక మీద అట్ట ఉబ్బుతుంది, బోర్డు వంగిపోతుంది, నున్నటి కార్డులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ప్లాస్టిక్ కవరు చెమ్మను పూర్తిగా ఆపదు.

మీ ఇంట్లో అలాంటి క్విజ్ పెట్టె ఉంటే హాట్ సీట్, కాగితం నోట్లు పక్కన పెట్టి కార్డులు మాత్రం తీయండి. రెండు జట్లుగా కూర్చోండి. ఒకరు ప్రశ్న, నాలుగు ఆప్షన్లు చదివాక, అయిదు లెక్కపెట్టి, మిగతా అందరూ ఒకేసారి వేళ్లతో జవాబు చూపించాలి, ఏకు ఒక వేలు, బికి రెండు, అలా. తప్పు చూపించినవాళ్లు ఆ రౌండుకు బయట. ఎక్కువమంది మిగిలిన జట్టుకు పాయింటు. చదివే పని ప్రతి రౌండుకూ మారాలి. జవాబు పాతబడిన కార్డు తగిలితే దాని మీద సరైన జవాబు పెన్నుతో రాసేయండి. పదిమంది ఉన్నా ఆడొచ్చు, తాతగారు మంచం మీద నుంచే ఆడొచ్చు.