మెష్ స్మూతింగ్: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో త్రీడీ స్కానింగ్, ప్రింటింగ్ పని చేస్తుంటాను. ఇక్కడ ఎక్కువగా అడిగేది గిత్త బొమ్మలే. ఫోన్‌తో ఫొటోలు తీసి, మోడల్ తయారుచేసి తెచ్చి "గరగరగా ఉందండీ, కాస్త స్మూత్ చేసివ్వండి" అంటారు. కంప్యూటర్‌లో ఈ మోడల్ చిన్నచిన్న త్రిభుజాలు అల్లుకున్న వలలా ఉంటుంది, దాన్నే మెష్ అంటారు. దాని గరుకు తగ్గించడమే స్మూతింగ్. చేయడం తేలికే. ఎక్కడ ఆపాలో తెలియడమే అసలు పని.

అపోహ: ఎన్నిసార్లు స్మూత్ చేస్తే అంత బాగా వస్తుంది.

వాస్తవం: మామూలుగా వాడే లాప్లాసియన్ స్మూతింగ్ ప్రతి వెర్టెక్స్‌నీ (త్రిభుజాల మూల బిందువునీ) దాని పక్క వెర్టెక్స్‌ల సగటు స్థానం వైపు జరుపుతుంది. గరుకు తగ్గే మాట నిజమే. కానీ ఉబ్బెత్తుగా ఉన్నచోట ఆ సగటు లోపలివైపే ఉంటుంది కదా, కాబట్టి ఇటరేషన్లు, అంటే నడిపే సార్లు, పెంచేకొద్దీ బొమ్మ చిక్కిపోతుంది. గిత్త మీద ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ముందు కొమ్ముల కొనలు మొద్దుబారి పొట్టివవుతాయి. తర్వాత చెవుల అంచులు పోతాయి, గంగడోలు మడతలు సాపైపోతాయి. ఇంకా సాగిస్తే మూపురమూ కుంగుతుంది. అలాంటిదాన్ని మన ప్రాంతంలో ఎవరూ ఒంగోలు గిత్త అనరు.

దీనికి గాబ్రియెల్ టౌబిన్ అనే పరిశోధకుడు 1995లోనే దారి చూపించాడు. ఒక అడుగు సగటు వైపు, వెంటనే అంతకంటే కాస్త పెద్ద అడుగు వెనక్కి. మెష్‌లను సరిచేసే మెష్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోని టౌబిన్ ఫిల్టర్‌లో డీఫాల్ట్‌గా మొదటి అడుగు విలువ (లాంబ్డా) 0.5, వెనకడుగు విలువ (మ్యూ) -0.53 ఉంటాయి. నేను దీంతోనే మొదలుపెడతాను. సైజు చాలావరకు నిలుస్తుంది. సన్నటి మడతలు మాత్రం దీంట్లోనూ కొంత చెరుగుతాయి, అందుకే కొమ్ములు, గంగడోలు వదిలేసి వీపు, పొట్ట భాగాలనే సెలెక్ట్ చేసి నడపాలి.

అపోహ: త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో షేడ్ స్మూత్ ఆప్షన్ పెట్టాం, ఇక ప్రింట్ నున్నగా వస్తుంది.

వాస్తవం: రాదు. అది వెలుగునీడల లెక్కను మాత్రమే మారుస్తుంది, వెర్టెక్స్ ఒక్కటీ కదలదు. ప్రింట్ కోసం తీసే ఎస్‌టీఎల్ ఫైల్‌లోకి వెళ్లేవి పాత త్రిభుజాలే. స్క్రీన్ మీద కనిపించని పలకలు ప్రింట్‌లో కనిపిస్తాయి.

అపోహ: పాలిగాన్లు (మెష్‌లోని త్రిభుజాల వంటి పలకలు) పెంచితే గరుకు పోతుంది.

వాస్తవం: ఉన్న త్రిభుజాలను ఊరికే ముక్కలు చేస్తే గుంటలు గుంటలుగానే ఉంటాయి. ఫైల్ బరువెక్కి కంప్యూటర్ మొరాయిస్తుంది, అంతే.

అపోహ: స్కాన్ ఎలా ఉన్నా స్మూతింగ్ సరిచేస్తుంది.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించే నమ్మకం ఇది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌తో చెక్కిన, నిగనిగలాడే పాలిష్ విగ్రహాల ఫొటోలు తెస్తుంటారు. ఫొటోల నుంచి మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్ ఒకే బిందువును వేర్వేరు ఫొటోల్లో గుర్తుపట్టి లోతు లెక్కగడుతుంది. పాలిష్ రాతి మీది మెరుపు మనం జరిగినప్పుడల్లా తానూ జరుగుతుంది కాబట్టి లోతు తప్పుగా వస్తుంది, మెష్ నిండా గుట్టలూ గోతులూ తేలతాయి. స్మూతింగ్ చేసేది ఆ తప్పు కొలతలకు సగటు తీయడమే, విగ్రహం ముక్కు అసలు ఎక్కడుందో దానికి తెలియదు. ఇలాంటి రాయికి మెరుపు చంపే స్కానింగ్ స్ప్రే పలుచగా కొట్టి, ఎండ నేరుగా పడని చోట మళ్లీ ఫొటోలు తీయండి. ఒక్కో ఫొటోలో ముందు ఫొటోలోని భాగం సగానికి పైగా ఉండాలి. పూజలో ఉన్న విగ్రహమైతే స్ప్రే కొట్టేముందు పూజారిగారిని అడగండి.