విగ్రహం కింద దిమ్మె: అపోహలు - వాస్తవాలు

విగ్రహాలకు రాతి దిమ్మెలు కట్టడం నా వృత్తి. మా దగ్గరికి వచ్చేవాళ్ళు విగ్రహం ఎన్ని అడుగులో ముందే తేల్చుకుని వస్తారు. దిమ్మె సంగతి మిగిలిన డబ్బుతో చూద్దామంటారు. ఆ మాట వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: దిమ్మె ఉన్నది విగ్రహాన్ని ఎత్తులో చూపడానికే.

వాస్తవం: విగ్రహం పడిపోకుండా పట్టుకునేది కూడా అదే. న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమ ఎత్తు 46 మీటర్లు. దాని కింద ఉన్న పునాది, పీఠం రెండూ కలిపి మరో 47 మీటర్లు. రిచర్డ్ మోరిస్ హంట్ గీసిన ఆ పీఠం లోపల కాంక్రీటు, బయట గ్రానైట్. గోడల్లో దూలాలు పొదిగి, విగ్రహం లోపలి ఇనుప చట్రాన్ని వాటికి బిగించారు. సముద్రపు గాలి విగ్రహాన్ని ఎంత తోసినా ఆ పీఠం బరువే కాస్తుంది. విగ్రహం ఫ్రాన్స్ ప్రజల కానుక, పీఠం అమెరికా కట్టుకోవాలి. డబ్బు చాలక పని ఆగింది. 1885లో జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో చందాలు అడిగితే లక్షమందికి పైగా ఇచ్చారు. చాలామంది ఇచ్చింది డాలర్ లోపే. దిమ్మె కోసం జనం అలా కదలడం తలచుకుంటే ఇప్పటికీ నా మనసు నిండిపోతుంది.

అపోహ: ఎత్తు పెరిగితే గౌరవం పెరుగుతుంది.

వాస్తవం: 1347లో ఊరిని కాపాడుకోవడానికి ఇంగ్లండ్ రాజుకు లొంగిపోయిన ఆరుగురు పౌరుల విగ్రహాలను ఫ్రెంచి శిల్పి రోడాన్ చేశాడు. ఆ ఊరు ఫ్రాన్స్‌లోని కలే. వాళ్ళు జనం మధ్య, నేల మీదే ఉండాలని ఆయన కోరిక. 1895లో మాత్రం పీఠం ఎక్కించి చుట్టూ కంచె వేశారు. ఆయన పోయాక, 1924లో కిందికి దించారు. రోడాన్ మాటే సరైనదని నా నమ్మకం.

అపోహ: చైనా పీఠాలకూ మనకూ సంబంధం లేదు.

వాస్తవం: అక్కడి ప్రసిద్ధ పీఠాన్ని షూమీజువో అంటారు. 'షూమీ' అంటే మన సుమేరువే. బౌద్ధంతో పాటు ఇక్కడి నుంచి వెళ్ళింది. కింద బోర్లించిన తామర రేకులు, మధ్యలో సన్నని నడుము, పైన విచ్చుకున్న తామర. మన గుడి గోడల కింద ఉండే పీఠం, అంటే అధిష్ఠానంలో, మధ్యన లోపలికి నొక్కినట్టుండే కంఠం చూసినవాళ్ళు దాన్ని ఇట్టే గుర్తుపడతారు. మొదట బుద్ధుడి కింద ఉన్న ఆ రూపం తర్వాత రాజభవనాల కిందికీ వచ్చింది. బీజింగ్‌లో 1958లో ఆవిష్కరించిన ప్రజా వీరుల స్మారకానికి కూడా రెండంతస్తుల షూమీజువోనే కట్టారు.

అపోహ: చైనాలో శాసనాలు చెక్కిన రాతి పలకల కింద దిమ్మెగా ఉండేది మామూలు తాబేలు బొమ్మ.

వాస్తవం: అది బీషీ. డ్రాగన్ తొమ్మిదిమంది కొడుకుల్లో బరువులు మోయడం ఇష్టపడేవాడట.

అపోహ: రాతి దిమ్మెకు ఏమీ కాదు.

వాస్తవం: దానికి నీళ్ళే శత్రువు. బీజింగ్ రాజప్రాసాదంలో పాలరాతి వేదికల చుట్టూ ఉన్న డ్రాగన్ తలలు అందానికే అనుకుంటారు. వాన పడితే నీళ్ళు వాటి నోళ్ళలోంచే బయటికి పోతాయి. మొదట్లో నేను ఒక దిమ్మెకు మామూలు ఇనుప కడ్డీలు వాడాను. అవి తుప్పుపట్టి ఉబ్బి, రాయి మూల పగిలింది. అప్పటినుంచి పై పలకకు వాలు ఇవ్వకుండా, స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు లేకుండా పని ఒప్పుకోవడం లేదు.